అక్కుపల్లిలో రెండో పెట్టె

పలాసలో పుట్టినవాడికి ఎవరూ నేర్పకుండానే వచ్చే లెక్క ఒకటుంది. జీడిపప్పు గుండుగా ఉన్నంతవరకే గుండు. విరిగితే బద్ద. రెండు బద్దల్ని ఎంత జాగ్రత్తగా పక్కపక్కన పెట్టినా అది మళ్ళీ గుండు అవదు. మా వీధి పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతిని యాభై రెండేళ్ళ వయసులో నేను మర్చిపోయాను. ఫలితంగా ఎనిమిది ఆదివారాలు మా అక్క చేతి భోజనం పోయింది. అందులో ఒకటి ఈస్టర్.

నా పేరు జాకబ్. కాశీబుగ్గలో పాత సామాన్ల కొట్టు నాది. ఒకరికి అక్కర్లేనిది ఇంకొకరికి కావాలి. ఆ ఇద్దరి మధ్య నిలబడ్డం నా పని. పెళ్ళి సంబంధాలు మూడు దగ్గరదాకా వచ్చాయి గానీ కుదరలేదు. కాబట్టి వారంలో ఆరు రోజులు హోటల్ పార్సిలు, ఏడో రోజు టెక్కలి. అక్కడ చర్చిలో ఆరాధన, ఆ తర్వాత ఎలీసబెతక్క ఇంట్లో కోడికూర. ఈ ఒక్క పూట కోసం మిగతా పదమూడు పూటలూ ఓర్చుకునేవాణ్ణి.

అక్క భర్త ఫిన్నీ బావది టెక్కలిలో మైకుసెట్ల కొట్టు. అరవై దాటినవాడు. మిగతా మైకువాళ్ళకూ ఈయనకూ తేడా ఏమిటంటే, వాళ్ళు చప్పుడు ఎంత దూరం పోతుందో చూస్తారు, ఈయన చప్పుడు ఎటునుంచి వస్తుందో చూస్తాడు. దానికో కారణం ఉంది. టెక్కలి దగ్గర మిషన్ దొరల కాలంనాటి పాత బంగళా ఒకటుంది. బావ తండ్రి అక్కడ వంట చేసేవాడు. పన్నెండేళ్ళప్పుడు బావ ఆ బంగళా హాల్లోకి తొంగి చూస్తే పాట వినిపిస్తోందిట, పాడే పెట్టె మాత్రం కనిపించలేదుట. ఒక చెక్క స్తంభం ఉంది. దాని చుట్టూ తిరిగాడు. ఎటు తిరిగినా పాట తనవైపే ఉంది. వెనక్కి వెళ్ళి చూద్దామంటే దానికి వెనకంటూ లేదు. తండ్రి వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళేదాకా తిరుగుతూనే ఉన్నాడు.

అప్పటినుంచి ఆయనకు అదే పిచ్చి. మామూలు స్పీకరు ముందుకి చూసి పాడుతుంది. ఈ రకంలో స్పీకరు కప్పువైపు చూస్తుంది. దానిమీద తలకిందులుగా బొంగరంలాంటి చెక్క ఒకటి వేలాడుతుంది. పైకొచ్చిన పాట బొంగరం ఏటవాలుకి తగిలి నాలుగు దిక్కులకీ సమానంగా పరుచుకుంటుంది. ఇదంతా నాకెలా తెలుసంటే, ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం కోడికూరతోబాటు ఈ పాఠం కూడా వడ్డించేవాడు. అలాంటిది సొంతంగా తయారుచెయ్యాలని కుండలు బోర్లించాడు, గరాటాలు కోశాడు, పాత ఫ్యాను గిన్నెలు బిగించాడు. అక్క ఇడ్లీ రేకులు మూడు ఆ దారినే పోయాయి.

"ఎక్కడైనా ఆ పెట్టె కనిపిస్తే నాకేరా," అనేవాడు.

"దొరికితే నీకే బావా. మాట," అనేవాణ్ణి. పాతికేళ్ళపాటు ఇచ్చిన మాట. దొరకదన్న ధైర్యంతో ఇచ్చిన మాట కాబట్టి బరువనిపించలేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో, ఏళ్ళుగా తాళం వేసి ఉన్న ఆ బంగళా చేతులు మారింది. లోపలి సామాను తీసుకెళ్ళమని కబురొచ్చింది. ఇనుప మంచాలు, బీరువాలు, తీగలు తెగిన పియానో. వాటి వెనక దుప్పటి కప్పుకుని నడుమెత్తున రెండు టేకు స్తంభాలు. దుప్పటి తీసి పైన చూశాను. స్పీకరు, దానిమీద బొంగరం. పేరు రాసిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. నాకు పేరుతో పని లేదు. ఫిన్నీ బావ పాఠం నా కళ్ళెదురుగా నిలబడి ఉంది.

కొట్టుకి తెచ్చి రెండింటినీ పాడించి చూశాను. ఒకటి నిక్షేపంగా పాడింది. రెండోది గొంతులో కంకర పోసినట్టు గరగరలాడింది. స్పీకరు చుట్టూ ఉండే స్పాంజి అంచు వేలు పెడితే పిండిలా రాలింది.

సరిగ్గా ఆ సాయంత్రమే అక్కుపల్లి నుంచి ఢిల్లీరావు, అతని భార్య వరహాలమ్మ ఆటోలో దిగారు. ఢిల్లీరావుకి ఒక ఫైబరు తెప్ప ఉంది. వరహాలమ్మ తీరంలో చేపల వేలం వేస్తుంది. పన్నెండేళ్ళుగా ఆమె కేక వేస్తే సముద్రం మీదున్నవాళ్ళకి కూడా రేటు తెలిసేదని చెప్పుకుంటారు. ఇప్పుడు ఆమె గుసగుసగా మాట్లాడుతోంది.

"గొంతులో కాయలు కాసినాయంట బాబూ," అంది. "కేకలెయ్యకు, ఏత్తే ఉన్నది కూడా పోద్ది అని డాక్టరు సెప్పినాడు. మైకు కావాలి మాకు."

"హారన్ ఉంది కదమ్మా మీకు?"

ఢిల్లీరావు అందుకున్నాడు. "ఉన్నాది బాబూ. దానివల్లే గొడవ. హారన్ ఇటు తిప్పితే అటోళ్ళకి ఇనపడదు. అటు తిప్పితే ఇటోళ్ళు కొట్టుకు సస్తారు. సముద్రం గాలి ఒకటి. 'నాకు ఇనపడకుండా పాట కొట్టేసినారు' అని మొన్న పోలారావు రొయ్యల తట్ట తీసుకెల్లి నీళ్ళలో పారబోసినాడు."

గొప్ప చెప్పుకోవడానికి తప్ప ఇంకే ఉద్దేశమూ లేకుండా నేను పాడే పెట్టెని పాడించాను. వరహాలమ్మ దాని ముందు నిలబడింది. పక్కకి జరిగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"ఇదేటి బాబూ, దీనికి మొకం నేదు," అంది.

"లేదమ్మా. అదే దీని గొప్ప."

"మొకం నేదంటే ఈపు కూడా నేదన్నట్టే." ఆమె మొగుడివైపు చూసింది. "దీని ఎనకాల ఎవడూ నిలబడడు."

బేరం రెండు మాటల్లో కుదిరింది. "మళ్ళీ ఎనక్కి అడగవు గదా?" అంది. "అడగనమ్మా, మాట," అన్నాను. నా లెక్క చాలా తేలిక. పెట్టెలు రెండు. మాటలు రెండు. బావకొకటి, ఈమెకొకటి. పైగా పాడేది డబ్బిచ్చినవాళ్ళకి, పాడనిది ఉచితంగా బాగుచేసుకోగలవాడికి. ఇంతకన్నా తెలివైన పంపకం ఎవరైనా చెయ్యగలరా?

ఆదివారం గరగరల పెట్టెని ఆటోలో టెక్కలి పట్టుకెళ్ళి, ఆరాధన అయ్యాక బావ ఇంట్లో దించాను. బావ దుప్పటి తీశాడు. బొంగరం చూశాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అక్క అప్పుడే నా కంచంలో కోడికూర వేసింది.

"రెండోదేదిరా?" అన్నాడు బావ.

"ఏ రెండోది?"

"ఇవి జత. ఒక్కటిగా ఉండవు. ఒకటి ఎడమ, ఒకటి కుడి. రెండూ కలిస్తేనే నడిమిని పాట నిలబడద్ది. రెండోదేది?"

"నువ్వు పెట్టె అడిగావు. పెట్టె తెచ్చాను."

"సెప్పులు కూడా ఒక్కోటే అమ్ముతావేట్రా నీ కొట్టులో?"

అబద్ధం ఆడితే ఆ పూట గడిచేది. కానీ వ్యాపారంలో ఒక అబద్ధాన్ని కాపాడ్డానికి ఎన్ని పెట్టాలో నాకు తెలుసు. "అక్కుపల్లి చేపలవాళ్ళకి ఇచ్చాను," అన్నాను.

వంటింటి గుమ్మంలోంచి అక్క అడిగింది. "పాడీదా? పాడందా?"

"...పాడేది."

"అంటే మంచిది బయటోళ్ళకి అమ్మీసి, ఆయన ఉత్తినే బాగుచేసుకుంటాడు గదాని పాడైపోయింది మాకు తెచ్చినావు. అంతేనా?"

లెక్క నాదే. నేను వేసుకున్నప్పుడు ఎంత అందంగా ఉందో, అక్క నోట అంత వికారంగా వినిపించింది.

బావ అరవలేదు. "యాభై ఏళ్ళు ఎదురుసూసినాను. ఒక్కటే ఉందంటే ఒక్కదాంతోనే సంతోషపడేవాణ్ణి. రెండూ నీ సేతిలో ఉండి విడగొట్టినావు. ఆ రెండోది ఈ ఇంట్లో పాడేదాకా ఈ గుమ్మం తొక్కకు జాకబూ," అన్నాడు. ఎప్పుడూ 'ఒరే' అనేవాడు పేరు పెట్టి పిలిచాడు.

అక్క నా కంచంలో వేసింది వెనక్కి తియ్యలేదు. కానీ రెండోసారి వడ్డించడానికి రాలేదు. మా ఇంట్లో రెండోసారి వడ్డించకపోవడమంటే ఏమిటో మా అమ్మ కాలంనుంచీ అందరికీ తెలుసు.

తర్వాతి ఆదివారం ఆఖరి ప్రార్థన అవగానే వాళ్ళిద్దరూ పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. నేను బస్సెక్కి కాశీబుగ్గ వచ్చి పార్సిలు విప్పుకున్నాను. సాంబారు చల్లారిపోయింది. ఇలా లాభం లేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో మార్పిడికి రెండు సరుకులు వేసుకుని అక్కుపల్లి బయల్దేరాను. ఒకటి రంగు దీపాలు వెలిగే కొత్త స్పీకర్ల సెట్టు. రెండోది ఒకప్పుడు బావ తయారుచేసి నా కొట్టులో పెట్టిన నలుదిక్కుల పెట్టె. జీడితోటలు, కొబ్బరితోటలు దాటి తీరం చేరేసరికి తెప్పలు వచ్చేస్తున్నాయి.

వరహాలమ్మ దీపాల సెట్టు వైపు చూడనైనా లేదు. బావ తయారీని మాత్రం ఒంగి చూసింది.

"ఇది ఇడ్లీ రేకు కాదేటి బాబూ?"

తట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "సట్నీ ఏదీ?" అని ఒకామె అడిగింది. నేను పట్టుదలగా దాన్ని పాడించాను. గాలికి రేకు టకటకా కొట్టుకుంది. ఇంకొకామె, "ఉడికిపోనాయి, దింపీ బాబూ," అంది.

అప్పుడు వేలం మొదలైంది. నేనమ్మిన పెట్టె ఇసకలో పాతిన బల్లమీద నడిమిన ఉంది. చుట్టూ కొనేవాళ్ళు గుండ్రంగా నిలబడ్డారు. పలాస నుంచి వచ్చిన ఐసు వ్యానువాళ్ళు ఒకపక్క, తలమీద తట్టలతో తిరిగి అమ్ముకునే ఆడవాళ్ళు ఇంకోపక్క. వరహాలమ్మ మైకు పెదాలకి ఆనించి, పక్కింటావిడతో ముచ్చట చెప్పినంత మెల్లగా రేటు చెప్పింది. ఎటు నిలబడ్డవాడికైనా ఒకే క్షణంలో వినిపించింది. ఒక్కరూ 'నాకు వినపడలేదు' అనలేదు. గంటలో తీరం ఖాళీ. రొయ్యల తట్ట పారబోసిన పోలారావు కూడా వంజరం చేపని భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ పోయాడు.

"ఎనక్కి అడగడానికి ఒచ్చినావు కదూ?" అంది వరహాలమ్మ.

నేను బావ సంగతి చెప్పాను. జత సంగతి చెప్పాను. రాబోయే ఈస్టర్ భోజనం పోయేలా ఉన్న సంగతి కూడా చెప్పాను. అంతా విని మంచినీళ్ళిచ్చింది.

"నీ బావకి మాటిచ్చినావు. నాకూ మాటిచ్చినావు. నాను నీ బావకి ఏ మాటా ఇవ్వనేదు బాబూ. నా గొంతుంది సూడు, అది ఆ పెట్టెలో ఉంది. దాన్నెలా ఇచ్చీమంటావు?"

ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఒకే సరుకు మీద ఇద్దరికి మాటివ్వడం ఎప్పుడూ చెయ్యలేదని గర్వపడేవాణ్ణి. చేశాను. అదీ రెండు సరుకులున్నాయనుకుని.

బావ ఫోను తియ్యడు కాబట్టి జరిగింది అక్కకి చెప్పాను. అక్క "ఊఁ" అని పెట్టేసింది. మూడో వారంలో ఒక పొద్దున్న నా కొట్టు ముందు బావ దిగాడు. చంకలో స్క్రూడ్రైవర్ల సంచి, మెడలో తువ్వాలు.

"పద. నీవల్ల కాదు. నానే మాటాడతాను."

తీరం కనిపించగానే ఆటో ఆగకముందే దూకాడు. బల్లమీద పెట్టె ఉంది. దానిమీద చేపల తట్ట బోర్లించి ఉంది. బొంగరం చుట్టూ పాత వల ముక్క చుట్టి ఉంది. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతోంది.

"ఏటి రాసినారయ్యా దీనికి!"

"జీడినూనె మాస్టారూ, జీడిపెంకుల్లోది," అన్నాడు ఢిల్లీరావు సంబరంగా. "మా నాన్న కాలంలో సెక్క తెప్పలకి అదే రాసీవోళ్ళం. ఉప్పు ముట్టదు."

"టేకయ్యా అది! పాలిషు పెట్టె! దొరల హాల్లో నిలబడ్డ పెట్టె!"

"ఇప్పుడు ఇసకలో నిలబడాల గదా," అంది వరహాలమ్మ.

బావ చెక్కమీద వేలితో కొట్టాడు. ఠంగుమంది. కింది అంచు తడిమాడు. ఇంకోసారి కొట్టాడు. ఆ రెండో దెబ్బ ఎందుకో నాకు అర్థమైంది. టెక్కలిలో ఉన్న పెట్టెకి అడుగు చెక్క చెమ్మకి ఉబ్బి విచ్చుకోవడం దాన్ని దించినప్పుడే నేను చూశాను. ఇక్కడ సముద్రానికి నూరడుగుల దూరంలో నెలరోజులున్న పెట్టె రాయిలా ఉంది.

"ఈ వల ఎందుకు చుట్టారు?"

"ఇసక పడకుండా. గుడ్డ సుడితే పాట మూసుకుపోతంది. వల్లో గాలి ఆగదు గదా మాస్టారూ, పాట మట్టుకు ఎందుకాగుద్ది?" అన్నాడు ఢిల్లీరావు.

బావ వల కంతలోకి వేలు దూర్చి చూశాడు.

తెప్పలొచ్చాయి. తట్ట తీశారు. వలయం కట్టారు. వరహాలమ్మ మెల్లగా రేటు చెప్పడం మొదలుపెట్టింది. బావ నడవడం మొదలుపెట్టాడు. వలయం లోపల, పెట్టె చుట్టూ, చెయ్యి వెనక్కి కట్టుకుని. ఒక చుట్టు. రెండు. ఎటు తిరిగినా ఆ గొంతు ఆయనవైపే ఉంది. మూడో చుట్టులో ఆయన మొహం చూశాను. అరవై రెండేళ్ళ మనిషి మొహం కాదది. చెవి పట్టుకుని లాక్కెళ్ళడానికి తండ్రి లేడు కాబట్టి ఆగేలా లేడు.

"ఓ మాస్టారూ, పక్కకెల్లండి, సేపలు కనపడతన్నాయి కాదు!" అని కేకేశాడు ఒక వ్యానువాడు.

బావకి వినపడలేదు. మా చర్చిలో సంతోషం పొంగితే చెయ్యి పైకి లేస్తుంది. ఆయనకి అలవాటు. కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి ఆకాశానికి ఎత్తాడు.

"కవళ్ళ తట్ట మాస్టారుకి!" అంది పెట్టె నాలుగు దిక్కులకీ.

కళ్ళు తెరిచేసరికి ఆయన కాళ్ళ దగ్గర తట్ట నిండా కవళ్ళ చేపలున్నాయి. తీరం తీరమంతా నవ్వింది. వేలంలో చెయ్యెత్తితే కొన్నట్టే. అక్కడ ప్రార్థన లెక్కలోకి రాదు. "అందరికీ ఇనపడింది మాస్టారూ, కాదంటే కుదరదు," అంది వరహాలమ్మ. బావ కూడా నవ్వాడు. నెలరోజుల తర్వాత ఆయన పళ్ళు చూడ్డం అదే మొదలు.

జనం పోయాక ఆయన సంచి విప్పాడు. ఇక పెట్టెని విప్పి పట్టుకుపోతాడనుకున్నాను. వరహాలమ్మ కూడా అదే అనుకుందేమో, బల్ల ముందుకొచ్చి నిలబడింది. కానీ ఆయన వల తప్పించి, టార్చి వేసి, స్పీకరు అంచుని చిటికెన వేలితో తాకాడు.

"ఇలా సూడమ్మా. ఈ అంచు సిట్లుతోంది. ఇంకో నెల. తర్వాత ఇదీ బొంగురుపోద్ది. రెండోదానికి అదే అయినాది."

వరహాలమ్మ చెయ్యి తన గొంతు మీదకి వెళ్ళింది.

"బాగవదా?"

"నాను సేత్తాను. స్పాంజి ఇక్కడ పనికిరాదు, గుడ్డమీద రబ్బరు పూసి కొత్త అంచు కట్టాలి. కానీ ఇసకలో కూకుని సేసే పని కాదు. ఇంటికి తీసుకెల్లాలి. పదిహేను రోజులన్నా పడతాది."

"పదేను రోజులు నా గొంతు లేకుండా ఏలం ఎలాగ?"

ఆమె బల్ల ముందునుంచి జరగలేదు, ఆయన టార్చి ఆర్పలేదు. అక్కడికొచ్చింది నా పని. నా లెక్కల్లో ఒకటి తప్పయింది గానీ, అన్నీ తప్పు కావు.

"ఏప్రిల్ పదిహేను నుంచి వేట ఆపేస్తారు కదా?" అన్నాను ఢిల్లీరావుతో. "గుడ్లు పెట్టే కాలమని జూన్ పద్నాలుగు దాకా తెప్పలు కదలవు. వేలం ఉండదు. ఆ రెండు నెలలూ పెట్టె ఏం చేస్తుంది?"

"ఏటి సేత్తాది. తట్ట కింద నిద్రోతాది."

"టెక్కలిలో నిద్రపోనివ్వండి. బావ బాగుచేస్తాడు. జతగా పాడించుకుంటాడు. సముద్రం తెరిచే రోజుకి మీ బల్లమీద ఉంటుంది. ఏటా అంతే. పది నెలలు మీది, రెండు నెలలు ఆయనది. ఉప్పుగాలికి ఏటా మరమ్మతు ఎలాగూ కావాలి."

బావ నావైపు చూశాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు గానీ, పది నెలలు ఆ పెట్టె లేకుండా ఉండాలన్న మాట ఆయనకి తగిలింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సరే," అన్నాడు.

వరహాలమ్మ సరే అనలేదు. "జామీను?" అంది.

"నా మాట ఉంది కదమ్మా."

"నీ మాట ఇప్పటికే రెండు ముక్కలు బాబూ. మాస్టారి పెట్టె ఇక్కడెట్టండి. ఇది ఒచ్చినాక అది ఒట్టుకెల్లండి."

"అది ఇక్కడుంటే అక్కడ జతెలా అవుద్దమ్మా?" అన్నాడు బావ.

"అదీ నిజమే." ఆలోచించింది. "అయితే ఇంకేటుంది మీ దగ్గర?"

బావ తాపీగా సంచి ముడేసుకుంటూ అన్నాడు. "నా బామ్మర్ది ఉన్నాడు. ఆదివారాలు ఎలాగూ ఖాళీ. జూన్ దాకా ఎట్టుకోండి."

"తిండెట్టాలేటి?" అని అడిగాడు ఢిల్లీరావు.

"శానా తింటాడు," అన్నాడు బావ.

ఆఖరికి జామీను వద్దంది వరహాలమ్మ, బదులుగా రెండు షరతులు పెట్టింది. టెక్కలిలో జత పాడే రోజున తను వచ్చి వినాలి, తన పెట్టె ఎలా ఉందో చూసుకోవాలి. సముద్రం తెరిచే రోజున రెండు పెట్టెలూ తీరానికి రావాలి, ఒక్క రోజుకి. బేరంలో నన్ను మించినవాళ్ళని ముగ్గురిని చూశాను నా జీవితంలో. ఆమె మూడో మనిషి.

ఏప్రిల్ పదిహేనున పెట్టెని నేనే టెక్కలి చేర్చాను. గుమ్మం బయటే దింపించాడు బావ. "పాడేదాకా అన్నాను. వచ్చేదాకా అన్లేదు," అన్నాడు. అక్క తలుపు చాటునుంచి చూసి నవ్వాపుకుంది. కాబట్టి ఇంకో రెండు ఆదివారాలు పార్సిలే.

మధ్యలో ఒక విశేషం జరిగింది. బావ తన పెట్టె అడుగు చెక్క సరిచేసి, దానిక్కూడా స్వయంగా జీడినూనె రాశాడు. దొరల పాలిషు మీద. ఆ నూనె తగిలితే ఒళ్ళు పొక్కుతుందని, చేతులకి ముందు ఆముదం రాసుకోవాలని ఆయనకి తెలియదు. అరచేతులు పొక్కిపోయి వారం రోజులు అక్క ముద్దలు కలిపి పెట్టిందిట. ఫోను చేసి, "పలాసలో బామ్మర్దిని పెట్టుకుని ఏటి లాభం?" అని తిట్టింది. తిట్టడానికైనా ఫోను చేసింది కదా అని నేను సంతోషించాను.

మే మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళు ఈసారి పక్క తలుపులోంచి వెళ్ళలేదు. గుమ్మం దగ్గర ఆగి, "రా," అన్నాడు బావ.

వరహాలమ్మ, ఢిల్లీరావు అప్పటికే వచ్చి అరుగుమీద కూర్చున్నారు. వేట లేదు కాబట్టి ఎండుచేపల మూట తెచ్చారు. ముందుగదిలో రెండు పెట్టెలు, నల్లగా, కవలల్లా. రెండింటికీ పాత వల ముక్కలు. బావ మా సంఘం క్వయర్ ఎప్పుడో పాడిన క్యాసెట్టు ఒకటి పెట్టాడు. ఆడవాళ్ళ గొంతులు ఒకవైపు, మగవాళ్ళవి ఒకవైపు.

పాట వచ్చింది. గరగర లేదు. అక్క చప్పట్లు కొట్టింది. నేను వంటింటి వైపు చూశాను. కానీ బావ మొహంలో వెలుగు లేదు. ముందుకు నడిచాడు, వెనక్కి నడిచాడు. ఏదో తగ్గింది, ఏమిటో ఆయనకి అందడం లేదు. యాభై ఏళ్ళు ఊహించుకున్న పాట ఇది కాదేమో అన్న భయం ఆ కళ్ళలో నాకు కనిపించింది. నాకూ భయం వేసింది. ఇది కూడా కాకపోతే ఇక నా దగ్గర బేరమాడ్డానికి ఏమీ లేదు.

వరహాలమ్మ లేచి రెండు పెట్టెల నడిమిన నిలబడింది. తల వంచి వింది.

"మాస్టారూ, ఆడోళ్ళూ మొగోళ్ళూ దెబ్బలాడుకుని సెరో గోడకీ ఎల్లి నిలబడ్డట్టున్నాది. నడిమిని ఎవ్వరూ నేరు."

బావ నుదురు కొట్టుకుని బల్ల సొరుగులోంచి టార్చి బ్యాటరీ తీశాడు. ఒక పెట్టె తీగలకి తాకించాడు. స్పీకరు పైకి లేచింది. రెండో పెట్టె తీగలకి తాకించాడు. స్పీకరు లోపలికి పోయింది.

"ఒకటి తొయ్యబోతే ఇంకోటి లాగుతోంది. తీగలు తిరగబడ్డాయి," అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా ఊరందరి తీగలూ సరిసేసినాను. నా సొంత పెట్టెకి తప్పు బిగించుకున్నాను."

"కంగారులో ఉన్నారు," అంది అక్క.

తీగలు మార్చాడు. మళ్ళీ పాడించాడు.

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాదు. చూసింది చెబుతాను. పాట పెట్టెల్ని వదిలేసి నడిమికొచ్చి నిలబడింది. కింది గొంతులు గచ్చులోంచి వచ్చినట్టు అరికాళ్ళకి తగిలాయి. పెట్టెలు రెండూ ఉత్త స్తంభాల్లా ఉన్నాయి. బావ వాటి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఆయన వెనక ఢిల్లీరావు. ఆ వెనక, చేతిలో గరిటెతోనే, మా అక్క.

"ఇప్పుడు కలిసిపోనారు," అంది వరహాలమ్మ. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు ఇడగొట్టింది ఇదా బాబూ?" అంది.

"ఇదేనమ్మా."

"మంచి పనే సేసినావు. నేకపోతే నా గొంతేటయ్యేది?"

ఆ మాటని ఏ పక్కన రాసుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

భోజనాలు ఆ గదిలోనే, పెట్టెల నడిమిన చాపమీద వడ్డించింది అక్క. కోడికూర, ఎండుచేపల పులుసు. వరహాలమ్మ తింటూనే వేలు చూపించి హెచ్చరించింది.

"జూన్ పదేను తెల్లారికి నా పెట్టె బల్లమీదుండాల. రెండోది కూడా. మరిసిపోకండి."

"తెత్తానమ్మా! రెండూ తెత్తాను!" అంటూ బావ పొక్కులు మానుతున్న కుడిచెయ్యి పైకెత్తాడు.

"సెయ్యి దించండి మాస్టారూ," అంది వరహాలమ్మ. "మళ్ళీ కవళ్ళ తట్ట మీమీద పడిపోతాది."

అందరూ నవ్వుతుండగా అక్క గిన్నె పట్టుకుని వరసగా వచ్చింది. నా దగ్గర ఆగింది. నా కంచంలో మొదట వేసింది అప్పటికే అయిపోయింది. ఏమీ అడక్కుండా ఇంకో గరిటె వేసింది.